ఆసుపత్రి బోర్డు మీద ఏ అంకె రాయాలి?

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది. ఎంతమంది చనిపోయారన్న ప్రశ్నకు మూడు జవాబులు వచ్చాయి. విరేచనాల వల్ల పోయింది ఒక్కరే, మిగతావారికి వేరే జబ్బులున్నాయని అధికారులు మొదట అన్నారు. ప్రతిపక్షం 14 మంది అంది. అక్టోబరు 21న అక్కడికి వెళ్లిన ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పది మంది అని చెప్పి, ఆ పది కుటుంబాలకూ తన సొంత డబ్బు లక్ష రూపాయల చొప్పున ఇస్తానన్నారు. విచారణ బాధ్యతను సీనియర్ ఐఏఎస్ అధికారి విజయానంద్‌కు అప్పగించారు. 1, 10, 14. ఒకే చోటు, అవే రోజులు, అవే మరణాలు.

అబద్ధం ఎవరాడారన్నది పార్టీల తగవు, దాన్ని వాళ్లకే వదిలేద్దాం. ఎవరూ తప్పు లెక్క వేయకపోయినా ఇలాంటి మూడు అంకెలు పుట్టగలవు. విరేచనాలు తప్ప ఇంకే కారణమూ కనిపించని మరణాలను మాత్రమే ఎంచితే ఒక అంకె వస్తుంది. షుగరున్న పెద్దాయన విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి, కిడ్నీలు ఆగి చనిపోతే ఆయన్నూ కలుపుకుంటే ఆ అంకె పెరుగుతుంది. ఆ పది పదిహేను రోజుల్లో ఊళ్లో లేచిన ప్రతి పాడెనూ ఎంచితే ఇంకా పెరుగుతుంది. ఈ చిక్కు పాతదే. ముందునుంచీ గుండెజబ్బో షుగరో ఉన్నంత మాత్రాన ఒక మరణాన్ని కోవిడ్ లెక్కలోంచి తీసేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఏప్రిల్‌లోనే మార్గదర్శకాలిచ్చింది. అదే తర్కం విరేచనాలకూ వర్తిస్తుంది. షుగరున్న మనిషి ఆ వారం పోవడానికి కారణం షుగరు కాదు కదా.

మూడు లెక్కలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి, ఏది దేనికి సంబంధించిందో చెప్పి ఉంటే తగవుకు సగం ఊపిరి పోయేది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. జబ్బు ప్రబలినప్పుడు ఆసుపత్రి చెప్పే ప్రతి అంకె వెంటా నాలుగు మాటలు నడవాలి: ఎవరిని లెక్కపెట్టాం, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏది ఇంకా తేలలేదు, మీరిప్పుడేం చేయాలి. ఈ నాలుగూ లేకుండా బయటికొచ్చిన అంకె ఊళ్లో తిరిగి తిరిగి, వడ్డీతో సహా ఆసుపత్రి గుమ్మానికే వస్తుంది.

గుర్లను వదిలి కంబదూరుకు వద్దాం. వాన తక్కువగా పడే అనంతపురం జిల్లాలో, కర్ణాటక పావగడకు దగ్గర్లో ఉన్న మండల కేంద్రం ఇది. ఇక్కడ తాగునీటి కథకూ అంటువ్యాధుల కథకూ ముడి ఉంది. కళ్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర ప్రాంతాలకు నీళ్లందించే శ్రీరామిరెడ్డి పథకం లాంటి దూరపు పైపులైన్ల మీద బతికే పల్లెల్లో కొళాయి రోజంతా రాదు. నీళ్లు ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన పైపు పగులున్న చోట పక్కనున్న మురుగును లోపలికి లాక్కుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదట వచ్చే నాలుగు బిందెల్లో ఆ మురుగు ఉంటుంది. ఎండాకాలం దాటి తొలి వానలు పడి, మురుగు కాలువలు నిండిన వారం మరీ ప్రమాదం. కొళాయి చివర నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. అది ఉందో లేదో చెప్పే పరీక్ష రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల ఫలితం ఏ వీధి కొళాయి దగ్గరా రాసి ఉండగా నేను చూడలేదు.

మన వ్యవస్థలో లెక్కలు లేకపోలేదు. మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5 వేల మందికి ఒక ఉపకేంద్రం, వెయ్యిమందికి ఒక ఆశా కార్యకర్త ఉండాలన్నది జాతీయ ప్రమాణం. జబ్బుల మీద నిఘాకు 2004లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మూడు ఫారాలు నడుస్తాయి. ఏఎన్ఎం ఇల్లిల్లూ తిరిగి విన్న లక్షణాలు ఎస్ ఫారంలో, డాక్టరు చూసి అనుమానించినవి పీ ఫారంలో, ల్యాబు తేల్చినవి ఎల్ ఫారంలో ఎక్కుతాయి. 2021 నుంచి ఇదంతా ఆన్‌లైన్. అంటే కంబదూరులో ఎంతమందికి విరేచనాలు పట్టుకున్నాయో ఢిల్లీలో కూర్చున్న అధికారి తెర మీద చూడగలడు. కంబదూరు బస్టాండులో టీ తాగుతున్న మనిషికి మాత్రం తెలియదు. అంకె పైకి వెళ్లే దారి బాగానే వేశారు. పక్కకు, ఊళ్లోకి వచ్చే దారే లేదు.

జిల్లా బులెటిన్ ఉంది కదా అనొచ్చు. కోవిడ్ కాలపు అనంతపురం జిల్లాను గుర్తు చేసుకోండి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోకముందు 63 మండలాలు, 19 వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం, 2011 జనగణన ప్రకారం 40 లక్షల 81 వేల జనం. ఏదో ఒక సాయంత్రం జిల్లాలో ఇన్ని వందల కేసులని టీవీలో వస్తే, హిందూపురం లెక్కా తాడిపత్రి లెక్కా అందులోనే కలిసిపోయేవి. కంబదూరులో ఉన్నవాడికి అది తన గురించా కాదా తేలదు. తేలనప్పుడు రెండే జరుగుతాయి. ఒకడు అనవసరంగా భయపడతాడు, ఇంకొకడు మనకు కాదులే అని పెళ్లికి పోతాడు.

అలాగని మరీ కిందికి దిగినా కష్టమే. తొమ్మిది వందల మంది ఉన్న పల్లెలో ‘56 ఏళ్ల మహిళకు పాజిటివ్’ అని రాస్తే పేరు రాసినట్టే. గణాంకాల విభాగాలు చాలాచోట్ల పాటించే ఒక పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. అయిదుకన్నా తక్కువ ఉన్న అంకెను విడిగా ప్రకటించరు, పక్క ప్రాంతంతో కలిపి చెబుతారు. పల్లెలో ఇద్దరే ఉంటే మండలం లెక్కలో కలపాలి. పల్లె పేరు చెప్పక తప్పని సందర్భం ఒకటుంది. నీటి పైపు చెడినప్పుడు. అప్పుడు కూడా పైపు పేరు, ట్యాంకు పేరు, వీధి పేరు చెబితే సరిపోతుంది, మనిషి వయసెందుకు?

కారణం తెలిసిన జబ్బుల గురించి మాట్లాడటం కొంత తేలిక. కారణం తెలియనప్పుడు ఏం చెప్పాలన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్ష మన రాష్ట్రానికి ఏలూరులో వచ్చింది.

2020 డిసెంబరు 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛపోవడం మొదలైంది. నోట్లో నురగ, వణుకు, కాసేపు మతి తప్పడం, వాంతులు. ప్రభుత్వాసుపత్రికి గుంపులుగా వచ్చారు. పిల్లలున్నారు, పెద్దలున్నారు. మర్నాడు 45 ఏళ్ల వ్యక్తి చనిపోయాడు. 7న అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఆసుపత్రికి వచ్చారు. కోవిడ్ పరీక్షలు నెగెటివ్. నీళ్ల నమూనాల తొలి పరీక్షల్లోనూ తప్పేమీ కనిపించలేదు. 8న ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షించిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయన్న వార్త వచ్చింది. బ్యాటరీలా, నీళ్లా, కూరగాయలా అని ఊరంతా ఊహలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, హైదరాబాదు పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల బృందాలు దిగాయి. వారం తిరిగేసరికి బాధితులు 600 దాటారు. 16న నిపుణులు ముఖ్యమంత్రికి ఇచ్చిన అభిప్రాయం ప్రకారం పురుగుమందుల అవశేషాలు ప్రధాన కారణం. అవి ఒంట్లోకి ఎలా చేరాయన్నది ఇంకా లోతుగా చూడాల్సిందేనన్నారు.

ఈ పదకొండు రోజుల్లో వినబడిన అంకెల్లో ఊరికి ఎక్కువ ధైర్యమిచ్చినది ఏది? ‘మొత్తం బాధితులు’ అన్న అంకె కానే కాదు. మొత్తం అన్నది ఎప్పుడూ పెరగడమే తప్ప తగ్గదు. జబ్బు అణిగిపోతున్న రోజున కూడా అది నిన్నటికన్నా పెద్దదిగానే ఉంటుంది. ఏలూరులో వచ్చినవాళ్లలో చాలామంది కొద్ది గంటల్లో తేరుకుని ఇంటిదారి పట్టారు. ఈ రోజు చేరినవారు, ఈ రోజు ఇంటికెళ్లినవారు, ఇప్పుడు మంచం మీద ఉన్నవారు అన్న మూడు అంకెలను ఒకే వరసలో చదివితేనే జబ్బు తీరు అర్థమవుతుంది. చనిపోయింది ఒక్కరే అన్నది ఆ మూడింటి పక్కన చేరినప్పుడు వణుకు కొంచెం తగ్గుతుంది. ఏ ఆసుపత్రి బులెటిన్ రాసినా ‘మొత్తం’ అడుగున ఉండాలి, ‘ఇప్పుడు’ పైన ఉండాలి అంటాను.

ఇంకో సంగతి. సీసం అన్న మాట 8న బయటికొచ్చింది, పురుగుమందు అన్న మాట 16న. ఈ మధ్య ఎనిమిది రోజులు జనం ఏం తాగాలి, ఏం తినాలి? కారణం తేలేదాకా ఆగితే చెప్పాల్సిన సమయం దాటిపోతుంది. ‘కారణం ఇంకా తేలలేదు. నీళ్లా, కూరగాయలా అన్నది చూస్తున్నాం. తేలేదాకా నీళ్లు వేరే చోటునుంచి తెచ్చుకోండి, కూరగాయలు బాగా కడిగి వండుకోండి. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయండి’ అని మొదటి రోజే చెప్పగల వాక్యం ఒకటుంటుంది. 2004 సెప్టెంబరులో సింగపూరులో జరిపిన సంప్రదింపుల తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాల సారం కూడా ఇదే. నమ్మకం, తొందరగా ప్రకటించడం, దాచకపోవడం, జనం మాట వినడం, ముందే ప్రణాళిక వేసుకోవడం అని అయిదు మాటలు చెప్పారు అందులో. ఆ అయిదింటిలో మన ఆసుపత్రులు ఎప్పుడూ దాటేసేది నాలుగోది.

వినకపోతే ఏమవుతుందో 2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో తెలిసింది. శ్రీకాళహస్తి దగ్గరి ఒక పల్లెటూరి మనిషి తిరుపతిలో ఆసుపత్రికి వెళ్లాడు. వైరల్ ఇన్‌ఫెక్షన్ ఉంది, మాస్కు పెట్టుకోమని చెప్పారు. ఫోన్లో చైనా వీడియోలు చూస్తున్న ఆ మనిషి తనకు కరోనా అనుకున్నాడు. ఇంట్లోవాళ్లకు అంటుతుందని వాళ్లను లోపల పెట్టి తాళం వేసి, బయటికెళ్లి ప్రాణం తీసుకున్నాడు. ఆ రోజుకు ఆంధ్రప్రదేశ్‌లో కరోనా కేసుల సంఖ్య సున్నా. మొదటి కేసు నెల్లూరులో మార్చి 12న తేలింది. ఆ సున్నా ఎంత విలువైన అంకో ఆలోచించండి. ‘నీకున్నది మామూలు జ్వరం, మన రాష్ట్రంలో ఇప్పటిదాకా ఒక్కరికీ ఆ జబ్బు లేదు’ అన్న ఒక్క వాక్యం, ‘ఇంటికెళ్లి ఏం చేస్తావో ఒకసారి చెప్పు’ అన్న ఒక్క ప్రశ్న, రెండూ కలిపి నిమిషం పట్టవు. లేనప్పుడు లేదని చెప్పడం కూడా సమాచారమే. కేసుల్లేని రోజున బోర్డు ఖాళీగా ఉంచితే జనం దాన్ని దాచిపెట్టడం కింద చదువుకుంటారు.

కోవిడ్ పెద్ద లెక్కల్లో మనకు ఇంకో పాఠం ఉంది. 2020 సెప్టెంబరు 7 నాటికి రాష్ట్రంలో పాజిటివ్ కేసులు 5 లక్షలు దాటాయి. అదే వారం వెలువడిన రక్త నమూనాల సర్వే, జనంలో 19.7 శాతం మందికి అప్పటికే వైరస్ సోకి ఉండొచ్చని చెప్పింది. సుమారు 5 కోట్ల జనాభాలో అది దగ్గర దగ్గర కోటి. 5 లక్షలెక్కడ, కోటి ఎక్కడ? ఒకటికి ఇరవై. బులెటిన్ అబద్ధమాడలేదు. పరీక్ష చేయించుకుని పాజిటివ్ తేలినవాళ్లను అది చెప్పింది. ‘పరీక్ష చేసినవారిలో’ అన్న రెండు మాటలు అంకెతో పాటు ఇంటింటికీ వెళ్లలేదు, అంతే. 2021 మే 16న ఒక్కరోజే 24,171 కేసులన్నప్పుడూ జనం దాన్ని జబ్బుపడ్డవాళ్ల లెక్కగానే విన్నారు.

మరణాల దగ్గర ఆ తేడా నమ్మకాన్నే తినేసింది. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో అన్ని కారణాలతో నమోదైన మరణాలు 1.3 లక్షలు దాటాయని జనన మరణ నమోదు లెక్కల ఆధారంగా ఆ ఏడాది పత్రికల్లో వచ్చింది. మామూలు ఏళ్లలో మే నెల లెక్క 30 వేలలోపే. ఆ నెల అధికారిక కోవిడ్ మరణాలు 3 వేలలోపు. మిగిలినవన్నీ కోవిడ్ అని ఎవరూ తేల్చలేరు. కానీ ఆ నెలలో ఊళ్లో శ్మశానం చూసిన మనిషికి బులెటిన్ చూపిస్తే నమ్మడు. నమ్మనివాడికి తర్వాత టీకా గురించి చెప్పినా నమ్మడు. ఆ ఖర్చు ఏ బడ్జెట్లోనూ కనబడదు.

అదే కాలంలో మన రాష్ట్రం నుంచే ఒక మంచి లెక్క కూడా ప్రపంచానికి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి సేకరించిన వివరాలతో పరిశోధకుడు రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం 2020లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం అచ్చువేసింది. 84,965 మంది రోగులు, వాళ్లకు దగ్గరగా మెలిగిన 5,75,071 మంది. అంత దగ్గరగా ఉన్నవాళ్లలో వైరస్ సోకే అవకాశం, మెలిగిన తీరును బట్టి 4.7 నుంచి 10.7 శాతం. పల్లెలో చెప్పాలంటే: రోగితో మెలిగిన వందమందిలో అయిదుగురి నుంచి పదకొండు మందికి. ఇంకా ముఖ్యమైనది, వెంటపడి వెతికిన రోగుల్లో 70.7 శాతం మంది నుంచి వాళ్ల చుట్టుపక్కల ఎవరికీ సోకినట్టు తేలలేదు. పదిమందిలో ఏడుగురు ఎవరికీ అంటించలేదు! రోగి ఇంటికి కంప కొట్టి, పాలవాణ్ని కూడా రానివ్వని రోజుల్లో ఈ అంకెను దండోరా వేయించి ఉంటే ఎన్ని ఇళ్లకు ఊపిరి ఆడేదో. ఇది వట్టి పరిశోధన కాగితంగా ఉండిపోయింది. లెక్క మనది, కాళ్లరిగేలా తిరిగి రాసుకొచ్చింది మన ఏఎన్ఎంలు, ఆశాలు. తిరిగి వాళ్ల వీధికే రాలేదు.

ఆ అధ్యయనంలోనే వయసువారీ లెక్కుంది. కోవిడ్ తేలిన 5 నుంచి 17 ఏళ్లవారిలో మరణించింది 0.05 శాతం, 85 దాటినవారిలో 16.6 శాతం. శాతాలు చెవికి ఎక్కవు. ‘రెండు వేలమంది పిల్లల్లో ఒకరు, ఎనభై అయిదు దాటిన ఆరుగురిలో ఒకరు’ అంటే అవ్వను ఎవరు చూసుకోవాలో ఇంట్లోవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. బోర్డు మీద శాతం గుర్తు కనబడితే చెరిపేయమని చెబుతాను. పదిలో, వందలో, వెయ్యిలో ఎంతమంది అన్నదే రాయాలి.

డెంగీ దగ్గర అంకెల తంటా వేరే రకం. వానలు పడ్డాక ప్రైవేటు క్లినిక్కులో వేలిమీద రక్తం తీసి కార్డు పరీక్ష చేస్తారు, డెంగీ అంటారు. ప్రభుత్వం లెక్కలోకి తీసుకునేది ఎలీసా పరీక్షలో తేలినవే. అందుకే ఊళ్లో ముప్పైమందికి డెంగీ అని గోలగా ఉంటే అధికారి మూడంటాడు. ఇద్దరి దగ్గరా కాగితాలుంటాయి. ‘అనుమానం 30, ఎలీసాకు పంపినవి 12, తేలినవి 3, రావాల్సినవి 6’ అని రాస్తే కొట్లాట ఉండదు. ఇవి ఊహించి రాసిన అంకెలే, పద్ధతి మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. ప్లేట్‌లెట్ల భయం సరే సరి. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉండేవి 80 వేలకు దిగాయనగానే కారు మాట్లాడుకుని బెంగళూరు పరుగెత్తుతారు. రక్తస్రావం లేని రోగికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సింది 10 వేల కన్నా దిగినప్పుడేనని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, ఇవి కనబడితే మాత్రం అంకె కోసం చూడకుండా ఆసుపత్రికి రావాలి. ఈ రెండు వాక్యాలు ఆసుపత్రి ఓపీ గోడ మీద ఉంటే కారు అద్దెలు మిగులుతాయి.

ఇప్పుడు కంబదూరులో ఎవరు, ఎలా చెప్పాలి? ముందు ఎవరు వింటారో లెక్క చూద్దాం. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. ఆ తర్వాత పెరిగే ఉంటుంది, తేడా మాత్రం ఒక్కరోజులో పోయేది కాదు. ఆసుపత్రి వాట్సాప్‌లో పెట్టిన సందేశం ముందు మగవాడి ఫోనుకు చేరుతుంది. విరేచనాల బిడ్డకు ఓఆర్ఎస్ కలిపి పట్టేది ఆడమనిషి. 2011లో జిల్లా అక్షరాస్యత 64 శాతం లోపే కాబట్టి కరపత్రం కూడా అందరికీ అందదు. ఇక మిగిలింది గొంతు: గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, ఆటోకు కట్టిన మైకు, ఆశా అక్క నోటిమాట. శెనక్కాయ విత్తనం పడే రోజుల్లో పొద్దున ఎనిమిదికి మైకు పెడితే ఊళ్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. తెల్లవారి ఆరులోపు, లేదా రాత్రి ఏడు దాటాక. కన్నడం మాట్లాడే ఇళ్లున్న సరిహద్దు పల్లెలో రెండుసార్లు, రెండు భాషల్లో.

మైకులో వినబడాల్సింది దాదాపు ఇలా ఉండొచ్చు:

‘నిన్న పొద్దున ఆరు నుంచి ఈ పొద్దు ఆరు దాకా వాంతులు, భేదులతో మన ఆసుపత్రికి వచ్చినవాళ్లు పదకొండు మంది. ఏడుగురు మందు తీసుకుని ఇంటికి పోయినారు. ముగ్గురికి సెలైన్ ఎక్కుతోంది. ఒకరిని కళ్యాణదుర్గం పంపినాము. ఎవరూ చనిపోలేదు. నీళ్లు పరీక్షకు పంపినాము, ఇంకా ఫలితం రాలేదు. వచ్చేదాకా కొళాయి నీళ్లు బాగా మరగకాచి, చల్లార్చుకుని తాగండి. ఓఆర్ఎస్ ఆశా దగ్గర ఉంది, డబ్బులు అక్కర్లేదు. ఒక ప్యాకెట్టు ఒక లీటరు నీళ్లలో మొత్తం కలపండి. రేపు ఇదే టైముకు మళ్లీ చెబుతాము.’

చివరి వాక్యం అన్నిటికన్నా విలువైనది. రేపు ఇదే టైముకు వస్తామన్నవాళ్లు నిజంగా వస్తే, మధ్యలో వచ్చే పుకారు రేపటిదాకా ఆగుతుంది. రాకపోతే ఆ రాత్రికి ఆ పదకొండు యాభై అవుతుంది. కొత్తగా చెప్పేదేమీ లేకపోయినా రావాలి.

లీటరు సంగతి అంత నొక్కి చెప్పడానికి కారణముంది. ప్యాకెట్టులో సగం గ్లాసులో పోసి ఇస్తే ద్రావణం చిక్కనై విరేచనాలు ఇంకా పెరగొచ్చు. లీటరు బాటిల్ ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది, అదే కొలత. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచిన నీళ్లకు ఆరు చదును టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఒకరోజు దాటితే పారబోయాలి. క్లోరిన్ బిళ్ల అర గ్రాముది 20 లీటర్లకు ఒకటి. బిందెకు ఒకటి అని చెప్పకూడదు, బిందెలన్నీ ఒకే సైజువి కావు. ఫ్లోరైడు పుణ్యమా అని మన జిల్లాలో ఊరూరా వచ్చిన వాటర్ ప్లాంటు క్యాను సరిగ్గా 20 లీటర్లది. ‘క్యానుకు ఒక బిళ్ల, అరగంట ఆగి తాగండి’ అంటే ఎవరూ తప్పు చేయరు.

ఎవరు చెప్పాలన్నది మన దగ్గర సున్నితమైన విషయం. ప్రభుత్వ డాక్టరు నోరు విప్పడానికి భయపడతాడు, ఊరికే భయపడడు. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు వైద్యుడు సుధాకర్ మాస్కులు చాలడం లేదని బహిరంగంగా అన్నందుకు సస్పెండయ్యారు. మే నెలలో విశాఖపట్నంలో పోలీసులు ఆయన్ను పట్టుకుని చేతులు కట్టిన దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఆ తర్వాత ఏ మండల ఆసుపత్రి డాక్టరు విలేకరితో మనసు విప్పి మాట్లాడతాడు? అదే ఏప్రిల్‌లో అనంతపురం సర్వజన ఆసుపత్రిలో ఇద్దరు వైద్యులకూ ఇద్దరు నర్సులకూ కోవిడ్ తేలింది. హిందూపురం నుంచి వచ్చి చనిపోయిన రోగికి వాళ్లు చికిత్స చేశారు, ఆయనకు కోవిడ్ అన్న ఫలితం తర్వాత వచ్చింది. అందుకే అంకె బయటికి రాకముందే ఆసుపత్రి లోపల ఊడ్చేవాళ్లకు, సెక్యూరిటీకి, 108 డ్రైవరుకు తెలియాలి. ఊరు ముందు అడిగేది వాళ్లనే. వాళ్లకు తెలియకపోతే వాళ్ల ఊహే ఊరి వార్త.

అందుకని నా అభిప్రాయం ఇది. జబ్బు లేని రోజుల్లోనే జిల్లా వైద్యాధికారి ఒక కాగితం మీద సంతకం చేసి పెట్టాలి: ఫలానా ఆరు అంకెలను మండల వైద్యాధికారి ఎవరి అనుమతీ అడగకుండా రోజూ చెప్పొచ్చు. వచ్చినవారు, చేరినవారు, ఇంటికెళ్లినవారు, పెద్దాసుపత్రికి పంపినవారు, చనిపోయినవారు, ఫలితం రావాల్సినవారు. జబ్బు రావడానికి బాధ్యత ఎవరిది, తప్పెవరిది అన్న ప్రశ్నలు కలెక్టరేటుకు వెళ్లనీయండి. కళ్యాణదుర్గంలో ఆర్డీటీ ఆసుపత్రి లాంటి పేరున్న సంస్థలున్నాయి, ప్రైవేటు క్లినిక్కులున్నాయి, ఊళ్లో ఆర్ఎంపీ ఉన్నాడు. మన మండలం నుంచి వాళ్ల దగ్గరకు వెళ్లినవాళ్ల లెక్క కూడా రోజూ ఒక ఫోన్‌తో తెప్పించుకోకపోతే ప్రభుత్వాసుపత్రి అంకె సగం అంకే. ఆర్ఎంపీని కలుపుకోవడానికి డాక్టర్లకు మనసొప్పదు, తెలుసు. కానీ విరేచనాల మొదటి రోగిని చూసేది చాలాసార్లు ఆయనే.

చివరగా, ఎప్పుడు ఆపాలి? మొదలుపెట్టడం మీద ఉన్న శ్రద్ధ ముగించడం మీద ఉండదు. కలరా సూక్ష్మజీవి ఒంట్లోకి వెళ్లాక జబ్బు బయటపడటానికి కొన్ని గంటల నుంచి అయిదు రోజులు పడుతుంది. దానికి రెట్టింపు, అంటే పది రోజులు కొత్త కేసు లేకపోతే ఆ విడత ముగిసినట్టు లెక్క. కోవిడ్ కట్టడి ప్రాంతాలకు 2020లో పెట్టిన గడువు 28 రోజులు. కాబట్టి కేసులు ఆగిన రోజున బోర్డు తుడిచేయకూడదు. ‘కొత్త కేసు లేక నాలుగో రోజు’, ‘అయిదో రోజు’ అని పది దాకా రాసుకుంటూ పోవాలి. పదో రోజున ఆఖరి బోర్డు: మొత్తం ఎంతమంది, ఏ వీధిలో పైపు పగిలింది, ఎవరు ఏ తేదీన బాగుచేశారు, ఇప్పుడు ఆ కొళాయిలో క్లోరిన్ ఎంతుంది. కారణం దొరక్కపోతే దొరకలేదనే రాయాలి. దాన్ని కనీసం నెలరోజులు అలాగే ఉంచాలి, ఎందుకంటే ఊరికి జబ్బొచ్చిందని ఫోన్లో విన్న, బెంగళూరుకు వలస వెళ్లిన కూలీలు పండగకు వచ్చి ఆ నీళ్లు తాగొచ్చా అని అడుగుతారు.